ఆగి ఆగి నడిచే పాల బండి: కారణం పట్టుకొనే పద్ధతి

పూర్తిగా చెడిపోయిన బండి సంఘాన్ని అంతగా నష్టపరచదు. దాన్ని షెడ్డులో పెట్టి, మరొక బండి మాట్లాడుకొని పాలు పంపుకుంటాము. సంఘానికి అసలు నష్టం తెచ్చేది అప్పుడప్పుడు ఆగే బండి. అది నాలుగు రోజులు చక్కగా నడుస్తుంది. అయిదవ రోజున ఏ చెరువు గట్టు మీదనో ఆగిపోతుంది. పావుగంట గడిచాక ఏమీ ఎరగనట్లు మళ్ళీ కదులుతుంది. మెకానిక్కు దగ్గరకు తీసుకువెళితే అతని ఎదుట ఒక్కసారి కూడా ఆగదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలోను, కొల్లేటి లంకల వైపునను పాలు మోసే పాత డీజిలు పికప్పుల గురించి తనిఖీలలో మేము తరచు వినే ఫిర్యాదు ఇదే. గోరువెచ్చని పాలలో సూక్ష్మజీవులు గంట గంటకు రెట్లుగా పెరుగుతాయి. శీతలీకరణ కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబరిచేదాకా ఆ పెరుగుదల అదుపులోకి రాదు. బండి దారిలో గంటసేపు నిలిస్తే అందరికంటె ముందు దెబ్బ తినేది మొదట ఎక్కించిన వూరి పాలు. వేళకు పాలు పోసిన రైతుకు, తన తప్పు ఏమీ లేకుండానే, డబ్బు పోతుంది.

ఇక్కడ చెప్పేది మామూలు ఇంజెక్షన్ పంపు గల పాత ఇంజనులకు వర్తిస్తుంది. 1951లో బెంగుళూరులో స్థాపించబడిన మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా, మన వర్కుషాపులలో ఆ పాత పంపును మైకో పంపు అనే వారు ఇంకా వున్నారు. కంప్యూటరు నియంత్రణ గల కామన్ రైల్ ఇంజనుకు వేరే పరీక్షలు అవసరం.

ఎలా ఆగిందో ముందు చూడండి

డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు లేదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. కనుక నడుస్తున్న ఇంజను ఆగిందంటే, చాలావరకు డీజిలు అందకపోవడమో, దాన్ని ఏదో అడ్డుకోవడమో, గాలి చాలకపోవడమో కారణమై వుంటుంది. ఇందులో ఏది జరిగిందో ఆగిన తీరే చెబుతుంది.

తాళం తిప్పి ఆపినట్లు టక్కున ఆగితే విద్యుత్తు సంబంధమైన లోపాన్ని అనుమానించాలి. కొన్ని పంపుల మీద డీజిలును ఆపే సొలినాయిడ్ వుంటుంది. దాని వైరు వదులైతే గతుకులలో కరెంటు తెగి ఇంజను ఆగుతుంది. తాళం వేసినపుడు పంపు దగ్గర "టిక్" అనే చప్పుడు వినబడాలి. సొలినాయిడ్ లేని బండ్లలో ఇంజనును ఆపే కేబులు పూర్తిగా వెనక్కు వస్తున్నదో లేదో చూడాలి.

లాగుడు తగ్గి, ఎగశ్వాస పట్టినట్లు కొట్టుకొని ఆగితే డీజిలు అందడం లేదని అర్థం. నల్లని పొగ కక్కుతూ బలం తగ్గి ఆగితే ఎయిర్ క్లీనరు చూడాలి. మాసూళ్ళ రోజులలో వరిగడ్డి దుమ్ము అందులో త్వరగా పేరుకుంటుంది.

డీజిలు దారిని వరుసగా పరీక్షించండి

మొదటిది, టాంకు మూత. డీజిలు ఖర్చయ్యే కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. గాలి వచ్చే రంధ్రం బురదతో పూడిపోతే టాంకులో శూన్యం ఏర్పడి, పంపు డీజిలును లాగలేదు. బండి ఆగిన వెంటనే మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఇంజను మళ్ళీ అందుకుంటే కారణం దొరికినట్లే. ఇది కానీ ఖర్చు లేని పరీక్ష.

రెండవది, టాంకులోని చెత్త. తుప్పు పెచ్చులు, గుడ్డ పీలికలు డీజిలు లాగే గొట్టం మూతికి అంటుకొని దారి మూస్తాయి. ఇంజను ఆగగానే లాగుడు పోయి, అవి జారి అడుగుకు చేరుతాయి. అందుకే పావుగంటలో బండి దానంతటదే బాగయినట్లు కనబడుతుంది. ఇటువంటి చోట ఫిల్టర్లు ఎన్ని మార్చినా ఫలితం వుండదు. టాంకు దింపి కడిగించవలసిందే.

మూడవది, నీరు. కొల్లేటి గాలిలో చెమ్మ ఎక్కువ. సగం ఖాళీగా వున్న టాంకులో రాత్రిపూట ఆ చెమ్మ నీటి బొట్లుగా మారుతుంది. వరద నీటిలో నడిచిన బండి టాంకులోకి గాలి రంధ్రం గుండా నీరు చేరవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినటువంటి రోజుల తరువాత ఈ పరీక్ష తప్పనిసరి. ఫిల్టరు అడుగు స్క్రూ విప్పి కొద్దిగా డీజిలును గాజు సీసాలో పట్టి కదపకుండా వుంచండి. నీరు బరువైనది కనుక అడుగున తేరుతుంది. నల్లని జిగురు కనబడితే నీటి ఆధారంగా సూక్ష్మజీవులు పెరిగినవని గ్రహించాలి. సాయంత్రమే టాంకు నింపి వుంచే అలవాటు ఈ బెడదను తగ్గిస్తుంది.

నాలుగవది, గాలి పట్టడం. డీజిలును అదిమితే నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. పంపులో గాలి చేరితే ఒత్తిడి అంతా దాన్ని అదమడానికే సరిపోయి నాజిల్ తెరుచుకోదు. ఇక్కడ ఒక చిక్కున్నది. ఫీడు పంపు దాటిన తరువాత లోపం వుంటే డీజిలు బయటికి కారి కంటికి కనబడుతుంది. టాంకు నుండి ఫీడు పంపు దాకా వున్న గొట్టంలో లోపం వుంటే బొట్టు కూడా కారదు, గాలే లోపలికి చొరబడుతుంది. తడి లేదు కనుక లోపం లేదని అనుకోరాదు. ఫీడు పంపుకు ముందు ఒక జానెడు పారదర్శకమైన డీజిలు గొట్టం తాత్కాలికంగా బిగించి ఇంజను నడిపితే బుడగలు కంటికి కనబడతాయి. బీటలు వారిన రబ్బరు గొట్టాలు, అరిగిన రాగి వాషర్లు మార్చడం స్వల్ప ఖర్చుతో అయ్యే పని.

ఇవన్నీ బాగుండి, వేడెక్కితేనే ఆగి, చల్లారితేనే స్టార్టు అవుతుంటే ఇంజెక్షన్ పంపు లోపల అరిగినదేమో చూపించాలి. వేడికి డీజిలు పలుచనై అరిగిన సందులలో నుంచి జారిపోతుంది. పంపు పని ఖర్చుతో కూడినది. పై పరీక్షలన్నీ ముగిసేదాకా దానికి తీర్మానం చేయవద్దని సంఘాలకు మా సలహా.

బండి ఆగిన చోట

ఇంజను ఆగితే చాలా బండ్లలో బ్రేకుకు తోడ్పడే శూన్యం పుట్టదు. ఒకటి రెండు తొక్కుళ్ళ తరువాత పెడలు రాయిలా బిగుస్తుంది. డ్రైవరు మొదటి తొక్కుడులోనే బండిని పక్కకు తీసి నిలపాలి. ఈ లోపం వున్న బండి రైలు గేటు మీదకు పోవడం ప్రాణాపాయం. బాగయ్యేదాకా ఆ బండికి గేటు లేని దారి చూపండి.

సెల్ఫును ఏకబిగిన పది, పదిహేను సెకన్లకు మించి కొట్టరాదు. నడుస్తున్న ఇంజను మీద నాజిల్ గొట్టాలు వదులు చేసి చేయి అడ్డం పెట్టరాదు. ఆ వేగానికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది.

క్యాన్లను నీడన దించి, తడి గోనెలు కప్పి, కేంద్రానికి వెంటనే కబురు చేయండి. చేపల లారీల వల్ల మన ప్రాంతంలో ఐసు సులభంగా దొరుకుతుంది. దాన్ని క్యాను చుట్టూ పేర్చవచ్చు గాని పాలలో వేయరాదు. వేస్తే అది నీరు కలిపిన కల్తీయే అవుతుంది.

లాగ్ పుస్తకంలో ఒక పేజీ

మెకానిక్కు చూడలేని లోపాన్ని కాగితం చూపుతుంది. బండి ఆగిన ప్రతిసారి డ్రైవరు ఈ వివరాలు వ్రాయాలి: తేదీ, స్థలం, బయలుదేరి ఎంత దూరం, టాంకులో డీజిలు ఎంత, ఇంజను వేడా చల్లనా, టక్కున ఆగిందా లాగుడు తగ్గి ఆగిందా, పొగ రంగు, ఏమి చేస్తే మళ్ళీ నడిచింది.

నాలుగైదు నమోదులు కాగానే వరుస తెలుస్తుంది. టాంకు పావు వంతుకు దిగినపుడే ఆగుతుంటే లోపలి గొట్టం చూడాలి. గతుకులలోనే ఆగుతుంటే వైర్లు చూడాలి. కొంత దూరం పోయాక ఆగి, మూత తీస్తే నడుస్తుంటే గాలి రంధ్రం చూడాలి. సామాను బిల్లు మంజూరు చేసే ముందు కార్యదర్శి ఈ పేజీ అడిగి చూడాలి. బండి అద్దెదైనా సరే, అందులోని పాలు సభ్యులవి. కనుక ఈ పేజీ అడిగే హక్కు సంఘానికి వున్నది. ఈ నెల నుంచే ఆ పేజీ మొదలు పెట్టవలసినదిగా సభ్య సంఘాలను కోరుతున్నాము.