వార్తల్లో పదం: సంయుక్త సమావేశానికి అధ్యక్షత

ఒక సభ ఆమోదించిన బిల్లును రెండో సభ తిరస్కరించినప్పుడు, సవరణలపై ఏకాభిప్రాయం కుదరనప్పుడు, లేదా బిల్లు అందాక ఆరు నెలలు దాటినా ఆమోదం తెలపనప్పుడు, రాజ్యాంగం 108వ అధికరణం కింద రాష్ట్రపతి ఉభయ సభల సభ్యులనూ ఒకేచోట చర్చకు, ఓటింగుకు పిలిచే ఏర్పాటే సంయుక్త సమావేశం. ద్రవ్య బిల్లులకు, రాజ్యాంగ సవరణలకు ఇది వర్తించదు. 118వ అధికరణం ప్రకారం దీనికి లోక్‌సభ స్పీకర్ అధ్యక్షత వహిస్తారు, ఆయన లేనప్పుడు డిప్యూటీ స్పీకర్, ఆయనా లేనప్పుడు రాజ్యసభ డిప్యూటీ ఛైర్మన్ ఆ స్థానంలో కూర్చుంటారు. రాజ్యసభ ఛైర్మన్ హోదాలో ఉండే ఉపరాష్ట్రపతికి ఈ వరుసలో చోటు లేదు, ఎందుకంటే ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు.

సంయుక్త సమావేశానికి తొలిసారి అధ్యక్షత వహించినది రాయలసీమ నాయకుడే కావడం గర్వించదగిన విషయం. పెళ్లిలో ఇచ్చే నగదు, నగలు, బట్టలను కట్నంగా లెక్కించాలా వద్దా అన్న అంశంపై కూడా సభలు విభేదించడంతో, 1961 మే 6, 9 తేదీల్లో వరకట్న నిషేధ బిల్లుపై జరిగిన సమావేశాన్ని తిరుచానూరులో పుట్టిన స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ నడిపించారు. పెళ్లికి బదులుగా ఇచ్చినవి కాకుంటే అటువంటి కానుకలు కట్నం కావన్న వివరణ చివరకు అప్పటి చట్టంలో చేరింది.

1977లో నంద్యాల నుంచి గెలిచి స్పీకరై, కొద్ది నెలల్లోనే రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి హయాంలో, 1978 మే 16న బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లుపై రెండో సమావేశం జరగగా, దానికి స్పీకర్ కె.ఎస్. హెగ్డే అధ్యక్షత వహించారు. స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించినందున, అదే నెల 26న ఉగ్రవాద నిరోధక బిల్లుపై జరిగిన మూడో సమావేశాన్ని డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ నిర్వహించారు.