కస్టమర్ అడిగిందే కీవర్డ్!

ఆత్రేయపురంలో మా బాబాయ్‌ది పూతరేకుల షాపు. ‘గూగుల్‌లో ఫస్ట్ పేజీ గ్యారంటీ’ అన్నవాళ్లకి పాతిక వేలు కట్టాడు. ఆర్డర్లు మాత్రం రాలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు సైట్ తెరిచి చూశా. పైన ‘నాణ్యతకు మారుపేరు’ అని ఉంది. పూతరేకులు అనే మాటే లేదు! వెనక కోడ్‌లో కీవర్డ్స్ ట్యాగ్ నిండా మాటలు కుక్కారు. ర్యాంకింగ్‌కి ఆ ట్యాగ్ వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

“బాబాయ్, ఫోన్ చేసినవాళ్లు ఏమడుగుతారు?”

“బెల్లంవా, పంచదారవా? ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి? హైదరాబాద్ పంపుతారా?”

అవే హెడ్డింగులు చేశా. కింద ఆయన చెప్పిన జవాబులే రాశా. పేజీ టైటిల్‌లో ఊరి పేరు, సరుకు పేరు పెట్టా. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఎలాగూ ఉచితమే.

మొన్న ఫోన్: “ఒరేయ్, వైజాగ్ నుంచి ఎవరో గూగుల్‌లో చూసి ఆర్డరిచ్చార్రా!”

ఫస్ట్ పేజీ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. డబ్బు కట్టేముందు మీ కస్టమర్లు అడిగే ప్రశ్నలు రాసుకోండి.