కంటికి కనిపించని జీవులు – మట్టి శిల్పాలు

సముద్రపు నీటిలో కంటికి ఆనని శిల్పాలున్నాయంటే నమ్ముతారా? వాటి పేరు రేడియోలేరియా. ఏకకణ జీవులైన వీటిలో చాలావాటి సైజు మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతులే. కానీ సూక్ష్మదర్శినిలో వీటి అస్థిపంజరం జల్లెడ గిన్నెలా, ముళ్ల బంతిలా కనిపిస్తుంది. అది చాలా రకాల్లో సిలికాతో తయారవుతుంది. ఇసుకలోనూ, కుండలు చేసే బంకమట్టిలోనూ ఉండేది ఆ సిలికాయే.

ఈ జీవుల అందాన్ని లోకానికి చూపినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్. ఆయన 1899–1904 మధ్య ప్రకృతి రూపాలను 100 చిత్రపటాలుగా ప్రచురించాడు. 1900 పారిస్ ప్రదర్శన ముఖద్వారాన్ని రెనే బినే అనే వాస్తుశిల్పి రేడియోలేరియా ఆకారం చూసే రూపొందించాడు. మన కాలంలో ఐర్లండు కళాకారిణి నువాలా ఓ డోనవాన్ పింగాణీ మట్టితో ఇలాంటి శిల్పాలు చేశారు. చిన్న చిన్న భాగాలను చేత్తో చేసి అతికిస్తూ పోవడం ఆమె పద్ధతి.

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. మిల్లీమీటరులో పదో వంతు జీవిని 40 సెంటీమీటర్ల బొమ్మగా చేయడమంటే 4,000 రెట్లు పెంచడం. బొమ్మ లోపల బోలుగా ఉండాలి. గోడ మందమైతే లోపలి తడి ఆరదు, కాల్చేటప్పుడు ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. మట్టి సగం ఆరి తోలులా ఉన్నప్పుడే రంధ్రాలు కోయాలి. పచ్చిగా ఉంటే కుంగుతుంది, పూర్తిగా ఆరితే విరుగుతుంది. అన్ని వైపులా సమానంగా ఆరకపోతే బీటలు వారుతుంది. మొదటి కాల్పు సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వద్ద, పింగాణీకైతే చివరి కాల్పు 1200 డిగ్రీల పైన జరుగుతుంది.

ఒక సంగతి మాత్రం మరువరాదు. నీటిలోని అతి చిన్న జీవిలో అంత అందం చూసిన హెకెల్, మనుషుల జాతులను మాత్రం ఎక్కువ తక్కువలుగా వరుస పెట్టాడు. అది తప్పని తర్వాతి సైన్సు తేల్చింది. పుట్టుకను బట్టి ఎక్కువ తక్కువలు ఎంచడం ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆయన బొమ్మలను తీసుకుందాం, ఆ వరుసను వదిలేద్దాం.

మిత్రులారా! క్లాసుకు సూక్ష్మదర్శిని ఒక్కటే ఉంటే ఒక్కొక్కరికి దొరికేది ఒక్క క్షణమే. మట్టి నమూనాను అందరం చేతిలోకి తీసుకోవచ్చు. చూపు లేని మిత్రులు కూడా తడిమి తెలుసుకోవచ్చు. చెరువు రాళ్ల మీద జారే గోధుమరంగు జిగురులో సిలికా పెంకులున్న డయాటమ్‌లుంటాయి. వాటిని చూసి, బొమ్మ గీసి, మట్టితో చేద్దాం. ఆరబెట్టడం, కాల్చడం మన ఊళ్లో కుండలు చేసే పెద్దలను అడుగుదాం. ఆ పనిలో ఎంత సైన్సు ఉందో అప్పుడు తెలుస్తుంది. వచ్చే వార్షికోత్సవానికి విచ్చేసే పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఆ బొమ్మలు చూపించాలని మా కోరిక.