మీకు తెలుసా? మోలిన్‌లో వెలసిన ‘లిటిల్ ఇండియా’

హైదరాబాద్ పాతబస్తీకి విదేశీ యజమానులు కొత్త కాదు. శాలిబండ, యాకుత్‌పురా, బార్కస్ నుంచి ఎందరో ఏళ్ల తరబడి గల్ఫ్‌కు వెళ్తూనే ఉన్నారు. ఇప్పుడు ఊరు కదలకుండా, ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని పరాయి దేశపు కంపెనీకి పనిచేసే కుర్రాళ్లూ తయారయ్యారు. కంటితో చూడని మనిషికి పని అప్పగించేదెలా అని అటువైపు వాళ్ల సందేహం. ఈ సందేహాన్ని మన హైదరాబాద్ ముప్పయ్యేళ్ల కిందటే తీర్చింది.

రామలింగరాజు 1987లో మొదలుపెట్టిన సత్యం కంప్యూటర్స్‌కు 1991లో దొరికిన పెద్ద ఖాతా అమెరికాలోని డీర్ అండ్ కంపెనీ. జాన్ డీర్ ట్రాక్టర్లు వాళ్లవే. ఇల్లినాయ్ రాష్ట్రంలోని మోలిన్ వాళ్ల ఊరు. ఎక్కడో హైదరాబాద్‌లో కూర్చుని మా సాఫ్ట్‌వేర్ పని చేస్తామంటే నమ్మేదెలా అన్నారు వాళ్లు. అనడంలో తప్పు లేదు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందిందే 1995 ఆగస్టు 15న.

అప్పుడు సత్యం తన ఇంజనీర్లను మోలిన్‌కే తీసుకెళ్లి, డీర్ ఆఫీసుకు కాస్త దూరంలో వేరే భవనంలో కూర్చోబెట్టింది. దానికి ‘లిటిల్ ఇండియా’ అని పేరు పెట్టుకున్నారు. అంత దగ్గర్లో ఉండి కూడా డీర్ ఉద్యోగులను కలవకూడదు. పని వేళలు కూడా ఇండియావే, అంటే అక్కడి రాత్రులు. మాటలన్నీ లైన్ మీదే. రెండు ఊళ్ల మధ్య కనీసం పదిన్నర గంటలున్న తేడాను అక్కడే అనుభవంలోకి తెచ్చి, అయినా పని ఆగదని చూపించారు. కరచాలనాలకన్నా, హామీలకన్నా గట్టి సాక్ష్యం అది. డీర్ ఒప్పుకుంది.

అదే సత్యంలో 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు ఉత్తుత్తివేనని 2009 జనవరి 7న రాజు స్వయంగా లేఖ రాశారు. అయినా కంపెనీ మూతపడలేదు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. నా దృష్టిలో దాన్ని నిలబెట్టింది ఉద్యోగుల పనితనమే.

ఇక నేటి కుర్రాళ్ల సంగతికి వస్తే, గల్ఫ్‌కు పంపే ఏజెంటుకు 1983 వలస చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఇంట్లో కూర్చుని విదేశానికి పనిచేసేవారికి ఆ చట్టం అడ్డుపడదు, అది దేశం దాటి వెళ్లేవారి కోసం. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ రక్షణ మీరే చూసుకోవాలి. మొదట చిన్న పని అడగండి, దానికి డబ్బు తీసుకోండి. గడువు, రేటు, చెల్లింపు తేదీ రాతలో పెట్టించండి. ఆలస్యమయ్యేట్టుంటే గడువు ముందే చెప్పండి. ఉద్యోగం ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టమంటే మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఇప్పటికే కట్టి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.