పిస్తోలు పిడిలో ఫొటో

"సార్, ఆ ఫొటో ప్లాస్టిక్ లోపలికి ఎలా పోయింది?"

కాంతి వక్రీభవనం పాఠం చెబుతుండగా వచ్చిన ప్రశ్న ఇది. అడిగిన కుర్రాడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ సైనికుడి పిస్తోలు. పిడికి రెండు పక్కలా ఉండాల్సిన గోధుమరంగు చెక్కలు లేవు. వాటి బదులు తేటగా మెరిసే ప్లాస్టిక్ ముక్కలున్నాయి. ఒక ముక్కలో, సరిగ్గా అరచెయ్యి ఆనే చోట, నవ్వుతున్న ఒక యువతి ముఖం.

ఫొటో లోపలికి పోలేదు. వెనకాల ఉంది. లోపల ఉన్నట్టు అనిపించడం కాంతి చేసిన పని. ఆ పని నాకు ఎంత నచ్చిందంటే, కవాడిగూడలో నేమ్‌ప్లేట్లు కోసే దుకాణం నుంచి తుక్కు అక్రిలిక్ ముక్కలు తెచ్చుకుని ఇంట్లో కోస్తూ, అరగదీస్తూ కూర్చున్నాను.

ముందు పిడి సంగతి. జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్తోలును అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. అందుకే దాని పేరూ 1911. 1985 దాకా వాళ్ల ప్రధాన పిస్తోలు అదే. అది పేలే తీరు గురించి పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. నాకు నచ్చింది మాత్రం, పేలడంతో ఏ సంబంధమూ లేని భాగం. ట్రిగ్గరు, స్ప్రింగులు, తూటాల మ్యాగజైను అన్నీ ఉక్కు చట్రంలోనే ఇమిడి ఉంటాయి. పిడి చెక్కలు ఆ చట్రానికి రెండు పక్కలా ఆనుకున్న తొడుగులు, అంతే. ఒక్కో చెక్కకు రెండు స్క్రూలు. నాలుగు స్క్రూలు విప్పితే రెండు చెక్కలూ చేతికి వస్తాయి. అవి లేకపోయినా తుపాకీ పేలుతుంది.

సైనికుడి చేతిలోని పిస్తోలు అతనిది కాదు, సర్కారుది. దాని మీద నంబరు ఉంటుంది, లెక్క ఉంటుంది. ఏ భాగాన్ని ముట్టుకున్నా జవాబు చెప్పుకోవాలి. ఒక్క పిడి చెక్కలను మాత్రం స్క్రూడ్రైవరు ఉంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు, తిరిగి అప్పగించేటప్పుడు అసలువి బిగించి ఇచ్చేయవచ్చు. అంత పెద్ద యుద్ధంలో ఒక మనిషికి తన ఇష్టప్రకారం మార్చుకోవడానికి దొరికిన చోటు ఆ రెండు చెక్కలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పచ్చరాయి పిడి ఉన్న మొగలాయి బాకులు చూసినవాళ్లకు ఈ కోరిక కొత్తగా అనిపించదు. కాకపోతే అక్కడ పిడి చేసింది దర్బారు కళాకారుడు, ఇక్కడ చేసింది ఆకురాయి పట్టుకున్న సిపాయి. భార్య ఫొటో, నిశ్చితార్థమైన అమ్మాయి ఫొటో, పిల్లల ఫొటో, ఎవరూ లేనివాడికి పత్రికలోంచి కత్తిరించిన సినిమా తార. సేకరణకర్తలు వీటన్నిటినీ కలిపి 'స్వీట్‌హార్ట్ గ్రిప్స్' అంటారు.

ప్లాస్టిక్ ఎక్కడిది? కూలిన విమానాలది. బాంబర్ల ముక్కు భాగం, తుపాకీ గుమ్మటాలు, పైలట్ తల మీది కప్పు, ఇవన్నీ అక్రిలిక్‌తో చేసేవారు. బరువులో గాజుకు సగం కూడా ఉండదు, పగిలినా గాజులా పొడిపొడి కాదు. శత్రువుదైనా తమదైనా, కూలిన విమానం చుట్టూ చేరే సిపాయిలకు అది గని.

ఈ పదార్థం పుట్టుక వెనక ఇద్దరు ఒట్టోలున్నారు. ఒట్టో రోమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1901లో తన డాక్టరేట్ పరిశోధన అక్రిలిక్ పదార్థాల మీదే చేశాడు. కానీ బతుకుతెరువు వేరే దారిలో దొరికింది. తోళ్లు మెత్తబరచడానికి అప్పట్లో కుక్క పెంట వాడేవారు. దాని బదులు క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైమ్ వాడొచ్చని రోమ్ కనిపెట్టి, 1907లో స్నేహితుడు ఒట్టో హాస్‌తో కలిసి కంపెనీ పెట్టాడు. మా పక్కనే ఉన్న భోలక్‌పూర్ తోళ్ల గోదాముల వాసన తెలిసినవాళ్లకు ఆ ఎంజైమ్ విలువ విడిగా చెప్పక్కర్లేదు. హాస్ 1909లో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు వెళ్లి అక్కడ వ్యాపారం పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం రెండు కొమ్మలనూ విడదీసింది. తోళ్ల మీద సంపాదించిన డబ్బుతో రోమ్ మళ్లీ అక్రిలిక్ వైపు తిరిగాడు. రెండు గాజు పలకల మధ్య ద్రవం పోసి గట్టిపడనిస్తే, అది గాజుకు అంటుకోకుండా తేటగా ఒక పలకలా ఊడి వచ్చింది. 1933లో దానికి ప్లెక్సిగ్లాస్ అని పేరు పెట్టారు. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీవాళ్లు దాదాపు అదే సమయంలో అదే పదార్థాన్ని పెర్‌స్పెక్స్ పేరుతో తెచ్చారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి జర్మన్ బాంబరు ముక్కుకూ ప్లెక్సిగ్లాసే, దాని మీద కాల్పులు జరిపే అమెరికన్ గుమ్మటానికీ ప్లెక్సిగ్లాసే. ఒకటి రోమ్ కంపెనీ ఉన్న డార్మ్‌స్టాట్‌ది, ఇంకొకటి హాస్ ఉన్న ఫిలడెల్ఫియాది. విడిపోయిన ఇద్దరు భాగస్వాముల సరుకు ఆకాశంలో ఎదురుపడింది!

ఇందులో మన ఊరి పేరూ ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అని పేరు. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తు అది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఆ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు బ్రిటన్ గగనతలంలోనూ, తర్వాత బర్మాలోనూ పోరాడాయి. వాటి పైలట్ల తల మీద ఉన్నది పెర్‌స్పెక్స్ కప్పే.

ఇప్పుడు అసలు పని. అక్రిలిక్ తేటగా ఉండడానికి కారణం దాని అణువుల క్రమశిక్షణ లేమి. పొడవాటి గొలుసుల్లాంటి అణువులు ఏ వరసా లేకుండా అల్లుకుని ఉంటాయి. పాలిథీన్‌లో కొన్నిచోట్ల గొలుసులు వరసగా పేరుకుని స్ఫటికాలవుతాయి. ఆ స్ఫటికాల అంచుల దగ్గర కాంతి చెదిరి అది పాలరంగులో కనిపిస్తుంది. అక్రిలిక్‌లో అలాంటి అంచులే లేవు. అందులోంచి 92 శాతం కాంతి దాటిపోతుంది. మిగతా 8 శాతాన్ని పలక మింగేస్తుందనుకుంటే పొరపాటు. దాని వక్రీభవన గుణకం 1.49. ఆ అంకెతో లెక్క కడితే ముందు తలం దగ్గర 4 శాతం, వెనక తలం దగ్గర 4 శాతం వెనక్కి పరావర్తనం చెందుతాయి. అంటే పోయేదంతా గడప దగ్గరే పోతోంది, ఇంట్లో ఏమీ పోవడం లేదు.

హ్యాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసిన ముక్క తెల్లగా, గుడ్డిగా ఉంటుంది. చూసినవాళ్లకు పాడైపోయిందనిపిస్తుంది. దాని మీద ఒక చుక్క నీళ్లు వేయండి. చుక్క పడినంత మేరా ముక్క మళ్లీ తేటపడుతుంది! గీతలున్న తలం అంటే వేలాది చిన్న చిన్న వాలు తలాలు. ఒక్కొక్కటీ కాంతిని ఒక్కో దిక్కుకు వంచుతుంది. నీరు ఆ గుంటలను నింపేస్తుంది. నీటి గుణకం 1.33, అక్రిలిక్‌కు దగ్గర. కాబట్టి వంపూ తగ్గుతుంది, పరావర్తనం కూడా 4 శాతం నుంచి 0.3 శాతానికి పడిపోతుంది. తరగతిలో ఈ ఒక్క చుక్క చూపిస్తే చాలు, పాఠం సగం అయిపోయినట్టే. నీళ్లు ఆరితే మళ్లీ తెలుపు వస్తుంది. శాశ్వతంగా పోవాలంటే గుంటలను నింపడం కాదు, గుట్టలను అరగదీయాలి. ముందు ముతక ఉప్పుకాగితం, తర్వాత సన్నది, తడిపి రుద్దడం, చివరికి గుడ్డ మీద టూత్‌పేస్టు. పేస్టులోని మెత్తటి పొడి గీతలను కాంతి తరంగం కన్నా చిన్నవిగా చేసేస్తుంది. యుద్ధభూమిలో ఖరీదైన పాలిష్ లేకపోయినా టూత్‌పేస్టు సిపాయిల సంచుల్లో ఉండేది.

రంధ్రాలు వేసేటప్పుడు తొందర పనికిరాదు. 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర అక్రిలిక్ మెత్తబడుతుంది. డ్రిల్లు వేగంగా తిప్పితే పొట్టు కరిగి బిట్‌కే అంటుకుంటుంది. ఎడమ చెక్కతో ఇంకో చిక్కు ఉంది. దాని పై అంచు పిస్తోలు మీది ఒక సన్నటి గొట్టం కిందికి సరిగ్గా ఒదగాలి. చేతిపని ఎంత నిక్కచ్చిగా ఉందో ఆ ఎడమ అంచు చూస్తే తెలిసిపోతుంది.

ఇక ఫొటో. చెక్క ఆకారానికి కత్తిరించి ఉక్కు చట్రం మీద పెట్టి, పైన ప్లాస్టిక్ పెట్టి స్క్రూలు బిగిస్తారు. జిగురు అవసరం లేదు. చెక్క మందం సుమారు 6 మిల్లీమీటర్లు. బావిలో నీళ్లు ఉన్నదాని కన్నా తక్కువ లోతుగా కనిపించినట్టే, 6 మిల్లీమీటర్ల కింద ఉన్న ఫొటో 1.49వ వంతుకు, అంటే 4 మిల్లీమీటర్ల లోతుకు తేలి వస్తుంది. వెనక ఉక్కుకు ఆనుకున్న కాగితం ప్లాస్టిక్ లోపలే ఉన్నట్టు అనిపించేది ఇందుకే. మా కుర్రాడి ప్రశ్నకు జవాబు ఈ 2 మిల్లీమీటర్లలోనే ఉంది.

ఇంతటితో ఆగలేదు. పిడి బయటి వైపు అడ్డంగా గుండ్రం, నిలువునా చదును. అంటే అదొక స్తూపాకార కటకం. వంపు వ్యాసార్ధం 20 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేశాను. వెడల్పులో బొమ్మ 11 శాతం పెరుగుతుంది, నిలువులో ఏమీ పెరగదు. ముఖం కాస్త నిండుగా కనిపిస్తుంది. పిస్తోలును కొద్దిగా అటూ ఇటూ తిప్పితే ఆ ముఖం కూడా కదిలినట్టు ఉంటుంది. ఆ సిపాయిలు వక్రీభవన సూత్రం రాసుకుని చేశారని నేను అనను. అరచేతికి ఇంపుగా ఉండాలని గుండ్రం చేశారు. చేతికి చేసిన వంపు కంటికి కటకమైంది. ఈ వస్తువులో నేను అన్నిటికన్నా ఇష్టపడేది ఈ సంగతినే.

అక్రిలిక్ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1940 ఆగస్టు 15న గోర్డన్ క్లీవర్ అనే బ్రిటిష్ పైలట్ విమానం కప్పు పగిలి పెర్‌స్పెక్స్ తునకలు కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ తునకలను కన్ను శత్రువుగా చూడలేదని హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు గమనించాడు. 1949 నవంబరు 29న లండన్‌లో ఆయన అదే పదార్థంతో చేసిన కటకాన్ని శుక్లం తీసిన కంట్లో పెట్టాడు. మదురైలోని ఆరోల్యాబ్ 1992 నుంచి అలాంటి కటకాలను చవగ్గా తయారుచేస్తోంది. మన ఇళ్లలో పెద్దవాళ్ల కళ్లలో ఉన్న గట్టి రకం లెన్సులు ఈ అక్రిలిక్‌వే.

పిడి చెక్కలేమో సేకరణ వస్తువులయ్యాయి. ఫొటో మీద తేట ప్లాస్టిక్ బిగించడం ఇప్పుడు ఎవరైనా చేయగలరు కాబట్టి నకిలీలూ బయలుదేరాయి. పట్టుకోవడానికి నోట్లు పరీక్షించే నీలి దీపం చాలావరకు సాయపడుతుంది. 1950ల నుంచి ఫొటో కాగితంలో తెలుపు పెంచే రసాయనాలు కలపడం మొదలైంది, అవి ఆ దీపం కింద వెలుగుతాయి. యుద్ధకాలపు ఫొటో వెలగకూడదు. బాగా పసుపెక్కిన ప్లాస్టిక్‌ను చూసి పాతదని మోసపోకండి. అక్రిలిక్ ఎండకు అంత తేలిగ్గా పసుపెక్కదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పాతవస్తువుల సంతల్లో ఇవి కనిపించవచ్చు. కనిపిస్తే ఫొటోలో ఉన్నది ఎవరో ముందు అడగండి, చెబితే రాసి వస్తువుతోపాటే ఉంచండి. ఫొటోను లాగి బయటికి తీయకండి, చెమటకూ తేమకూ ప్లాస్టిక్‌కు అతుక్కుని ఉంటే ముఖం చిరుగుతుంది. స్క్రూలు గట్టిగా బిగించకండి. స్పిరిట్, థిన్నర్, అసిటోన్ అసలు తగలనివ్వకండి, రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు పాకుతాయి. తడిపి పిండిన మెత్తటి నూలు గుడ్డ చాలు.