తోడేళ్ళు, మూస్‌లు, ఒక దీవి

చక్రవడ్డీ లెక్క మనందరికీ తెలిసిందే. తిండికి లోటు లేనంతవరకు జంతువుల సంఖ్య కూడా అలాగే పెరుగుతుంది. అయితే ఏ అడవయినా కొన్నింటినే పోషించగలదు. ఈ హద్దునే క్యారీయింగ్ కెపాసిటీ అంటారు.

దీనికి మంచి ఉదాహరణ మిషిగన్ రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవి. అక్కడి తోడేళ్ళనీ, అవి వేటాడే మూస్‌లనీ (గుర్రమంత ఎత్తుండే దుప్పి జాతి) శాస్త్రజ్ఞులు 1958 నుంచీ గమనిస్తున్నారు. 1980లో తోడేళ్ళు 50. కుక్కలకొచ్చే పార్వోవైరస్ సోకి 1982కల్లా 14 మిగిలాయి. వేటాడేవి తగ్గడంతో మూస్‌లు పెరిగి పెరిగి 1995లో సుమారు 2,400 అయ్యాయి. మేత చాలలేదు. 1996లో కొరికే చలి, పిడుదుల బెడద కూడా తోడై, చాలా భాగం చనిపోయాయి.

బయటి సంబంధాలు లేక లోపాలు ముదిరిన తోడేళ్ళు 2016కి రెండే మిగిలాయి. 2018-19లో 19 తోడేళ్ళను తెచ్చి వదిలారు. 2024 లెక్కలో తోడేళ్ళు 30, మూస్‌లు సుమారు 840.

తోడేలు ఒక్క మూస్‌కి శత్రువే, కానీ మొత్తం మందనీ, అడవినీ కాపాడేది కూడా అదే. మీరెప్పుడైనా అక్కడికి వెళ్తే పెంపుడు కుక్కను రానివ్వరు. కారణం ఇదే!