ఉత్తరము లేని ఇంటర్వ్యూలు

దరఖాస్తు పెట్టిన ప్రతివానికిని ఉద్యోగ మీయవలయునని ఎవ్వరును కోరరు. పది స్థానములకు వేయిమంది వచ్చినప్పుడు తక్కినవారు నిరాశతో మరలక తప్పదు. మేమిచట ప్రస్తావించునది ఆ నిరాశకు గూడ నోచుకొననివారిని గూర్చి. పరీక్షలన్నియు ముగించి, ఇంటర్వ్యూలకు హాజరై, పిమ్మట ఔననిగాని కాదనిగాని వినక నెలల తరబడి వేచియున్న యువకులు నేడు మన పట్టణములందు కొల్లలుగా నున్నారు.

హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందలి కంపెనీలలో ఈ తంతు ఎట్లు సాగునో చాల కుటుంబము లెరుగును. మొదట యంత్రము దరఖాస్తులను జల్లెడపట్టును. పిదప కంప్యూటరుపై ఒక పరీక్ష. ఆ మీద ఇద్దరు ముగ్గురు నిపుణులు వేర్వేరు దినములందు ప్రశ్నింతురు. కొన్నిచోట్ల ఇంటికి పని యిచ్చి, రెండు మూడు దినములలో ముగించి పంపుమందురు; ఆ శ్రమకు కూలి లేదు. కడపట జీతమెంత కోరెదవు, ఎన్నడు చేరగలవు అని అడిగి, త్వరలో తెలియజేసెదమని సెలవిత్తురు. ఆ త్వరకు తిథివార నక్షత్రములు లేవు.

మౌనమునకు కారణము మరపు మాత్రమే కాదు. కొలువు విడుచు ఉద్యోగి 90 దినములు ముందుగా తెలుపవలెనను నిబంధన సాఫ్ట్‌వేరు సంస్థలలో పెక్కింట గలదు. ఎన్నుకొనబడినవాడు ఆ మూడునెలలలో మరియొక చోటు చూచుకొని రాకపోవచ్చును. కావున రెండవవానికి కాదని చెప్పక నిలువయుంచుకొందురు. మొదటివాడు చేరిన దినమున రెండవవాని అవసరము తీరును. ఆ మాట అతనికి తెలుపు బాధ్యత మాత్ర మెవరి పద్దులోను వ్రాయబడదు. ఉద్యోగమే రద్దైనప్పుడును ఇంతే. నియామకపత్ర మందుకొని చేరు దినమున మాయమగు అభ్యర్థులును గలరని కంపెనీలవారు వాపోవుదురు. ఆ ఫిర్యాదు నిజమే. కాని వాని తప్పునకు గుమ్మముకడ నిలిచిన వేరొకనికి శిక్ష విధించుట ఏమి న్యాయము?

శిక్ష యను మాట అధికము కాదు. అమీరుపేట హాస్టలులో అద్దె పెరుగుచుండును. ఊరి నుండి తండ్రి ఫోనుచేసి ఏమైనదిరా యని అడుగును, చెప్పుటకేమియు లేదు. తక్కువ జీతమునకు మరియొకరు పిలిచిన, ఇది రానున్నదేమోయని వెనుదీయును. కాదన్న మాట ముందే విన్నచో, ఆ పిలుపును చేజార్చుకొనకుండెడివాడు.

ప్రభుత్వ నియామకములును నిర్దోషములు కావు. తెలంగాణలో 503 గ్రూపు-1 ఉద్యోగములకు 2022లో వెలువడిన ప్రకటన, ప్రాథమిక పరీక్ష రెండుమారులు రద్దైన పిదప 2024 ఫిబ్రవరిలో ఉపసంహరింపబడెను. అభ్యర్థుల రెండేండ్లు బుగ్గియైనవి. ఐనను ప్రతి రద్దును ప్రకటనగా వెలువడెను, చెడువార్తయైనను వార్తయే. సివిల్ సర్వీసుల పరీక్షలో 2025 మార్కులలో 275 ఇంటర్వ్యూకు గలవు; ఓడినవానికిని తన మార్కులు తెలియును. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ప్రభుత్వ కార్యాలయమును ప్రశ్నించిన, 30 దినములలో ఉత్తర మీయవలెను. ప్రైవేటు కంపెనీని అట్లు నిలదీయుటకు ఆ చట్టమున తావు లేదు.

కెనడాలోని ఆంటారియో రాష్ట్రము ఈ లోపమును సరిదిద్ద పూనుకొన్నది. 25 మంది లేక అంతకు మించిన ఉద్యోగులుగల యజమాని, తాను బహిరంగముగా ప్రకటించిన ఉద్యోగమునకు ఇంటర్వ్యూచేసిన ప్రతివానికిని, చివరి ఇంటర్వ్యూ జరిగిన 45 దినములలో నిర్ణయము జరిగినదో లేదో తెలుపవలెనని 2026 జనవరి 1 నుండి అచట విధి. మన దేశమున 1959 నాటి ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీల చట్టము సైతము 25 మందికి తక్కువకాని ప్రైవేటు సంస్థలకు వర్తించెను. అది ఖాళీలను తెలుపుమన్నది. వచ్చినవానికి ఫలితమును తెలుపుమనలేదు. పిదప అది సామాజిక భద్రతా స్మృతిలో లీనమైనది.

దుకాణములు, సంస్థలను గూర్చిన 1988 నాటి చట్టము రెండు తెలుగు రాష్ట్రములందును గలదు. ఇట్టి నిబంధన నొకదానిని అందు చేర్చుటకు మన శాసనసభ్యులు పూనుకొనవలెను. దరఖాస్తు అందిన నిమిషమున అందినదని తెలుపు యంత్రములు కంపెనీలలో నున్నవి గనుక, ఖర్చు పేరిట వారు అభ్యంతరము చెప్పజాలరు. కారణములను వివరింప నక్కరలేదు. ఔను, కాదు, ఇంకను తేలలేదు అను మూడింటిలో నొకటి, నియమిత దినములలో వ్రాతమూలకముగా అభ్యర్థికి చేరిన చాలును.